మొలకెత్తింది కదా అని నమ్మొద్దు: వరికి ఉప్పు గండం మూడో ఆకు దగ్గర

గింజ మొలిచింది. వారం తిరిగేసరికి మడి పచ్చబడింది. చౌడు నేలే అయినా ఈసారికి గట్టెక్కామనుకుంటాడు రైతు. మూడో వారంలో కథ మారుతుంది. ఆకు కొసలు తెల్లబడతాయి. అంచులు లోపలికి చుట్టుకుంటాయి. కింది ఆకులు ఎండిపోతాయి. మడిలో అక్కడక్కడ చాప పరిచేంత మేర ఖాళీలు పడతాయి. విత్తనం మంచిది కాదని ఒకరు, తెగులు తగిలిందని ఒకరు అంటారు. తీరప్రాంత శివారు ఆయకట్టులో చాలాసార్లు అసలు దోషి ఉప్పు.

మరి ఉప్పే కారణమైతే విత్తనం మొలకెత్తకుండానే పోవాలి కదా? ఈ అనుమానం సబబైనదే. జవాబు కూడా అందులోనే ఉంది. వరి తన నాలుగు నెలల జీవితంలో ఉప్పును ఒకే తీరుగా తట్టుకోదు. ఎప్పుడు ఓర్చుకుంటుందో, ఎప్పుడు కూలబడుతుందో తెలిస్తే, ఎకరం మొత్తానికి చేయలేని వైద్యం అయిదు సెంట్లకు చేసి పంటను నిలబెట్టుకోవచ్చు. ఆ లెక్కలే ఇక్కడ చూద్దాం.

ఉప్పును కొలిచేది ఎలా?

నీటిలో లవణాలు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత తేలిగ్గా పారుతుంది. ఆ గుణాన్ని విద్యుత్ వాహకత అంటారు. మట్టి పరీక్ష చీటీలో ‘ఈసీ’ అని రాసేది దీన్నే. కొలమానం పేరు మీటరుకు డెసీసీమెన్. పేరు నోరు తిరగకపోయినా లెక్క తేలిక: ఈసీ 1 అంటే లీటరు నీటిలో సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు.

ఇంట్లో మంచినీళ్ల మిషను బిగించేటప్పుడు మెకానిక్ పెన్నులాంటి మీటరు ముంచి ‘టీడీఎస్’ చెబుతాడు. అదీ ఈ ఉప్పు లెక్కే. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. వేరే గతి లేనిచోట 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. 2000 అంటే ఈసీ 3 కన్నా కాస్త పైన. లీటరుకు చిన్న చెంచాలో మూడో వంతు ఉప్పు అన్నమాట. సముద్రపు నీటిలోనైతే లీటరుకు 35 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. దాని ఈసీ 50 దగ్గర.

ఈసీ 3 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. వరి చేతులెత్తేయడం మొదలయ్యేది అక్కడే.

ఏ పంటకు ఎంత ఓపిక?

1977లో మాస్, హాఫ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ వడగట్టి ఒక పట్టీ తయారు చేశారు. తర్వాతి సవరణలతో నేటికీ ప్రపంచమంతా వాడేది దాన్నే. ప్రతి పంటకూ అందులో రెండు అంకెలుంటాయి. మొదటిది, ఏ ఈసీ దాకా దిగుబడి తగ్గదో చెప్పే హద్దు. రెండోది, హద్దు దాటాక పెరిగే ఒక్కో ఈసీకి దిగుబడి ఎంత శాతం పడిపోతుందో చెప్పేది.

మొక్కజొన్న: హద్దు 1.7, ఆ పైన ఒక్కో ఈసీకి 12 శాతం నష్టం.
వరి: హద్దు 3.0, నష్టం 12 శాతం.
గోధుమ: హద్దు 6.0, నష్టం 7.1 శాతం.
జొన్న: హద్దు 6.8, నష్టం 16 శాతం.
బార్లీ: హద్దు 8.0, నష్టం 5 శాతం.

దీన్ని బస్తాల్లోకి దించుదాం. మంచి నేలలో ఎకరాకు 30 బస్తాల వడ్లు పండే చోట ఈసీ 5కు చేరితే పంట 23 బస్తాల దగ్గర ఆగుతుంది. 6 అయితే 19. 7 దాటితే సగానికి సగం. పట్టీలో మరో సంగతీ ఉంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వరి కోశాక దుక్కి దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు, కొన్నిచోట్ల జొన్న వేస్తారు. ఉప్పు తగిలే పొలంలో ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. ఈసీ 5 దగ్గర జొన్నకు చీమ కుట్టినట్టైనా ఉండదు. మొక్కజొన్న దిగుబడి మాత్రం అప్పటికే దాదాపు 40 శాతం పోయి ఉంటుంది.

పట్టీ చెప్పనిది ఏమిటి?

ఈ అంకెలు నిలదొక్కుకున్న పంట ఓపికను చెబుతాయి. పసిమొక్క సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇదే పట్టీని అచ్చువేసినప్పుడు కింద ఒక హెచ్చరిక కలిపింది: బార్లీ, గోధుమ మొలక దశలోనూ, లేత మొక్కగా ఉన్నప్పుడూ పైమట్టిలో ఈసీ 4 లేదా 5 దాటకూడదని. ఎదిగాక 8 దాకా తట్టుకునే బార్లీకి, చిన్నతనంలో అందులో సగమే హద్దు.

వరిది ఇంకో తీరు. మొలకెత్తేటప్పుడు గట్టిదే. ఈసీ 10, 12 ఉన్నా చాలా రకాల విత్తనం కాస్త ఆలస్యంగానైనా మొలుస్తుంది. రెండు మూడు ఆకుల దశలో, అంటే మొదటి మూడు వారాల్లో, బాగా బలహీనపడుతుంది. పిలకలు వేసే నాటికి మళ్లీ పుంజుకుంటుంది. చిరుపొట్ట నుంచి పూత దాకా మరోసారి డీలా పడుతుంది. ఆపైన గింజ పాలు పోసుకున్నాక గండం చాలావరకు గడిచినట్టే. నాలుగు నెలల్లో రెండు గండాలన్నమాట. మొదటిదానిలో మొక్కే చస్తుంది. రెండోదానిలో మొక్క నిలబడుతుంది, గింజ తాలుపోతుంది.

కాబట్టి ఉప్పునీటిలో గింజలు నానేసి, మొలకలు వచ్చాయి కనుక ఈ రకం చౌడుకు పనికొస్తుందని తేల్చుకోవడం పొరపాటు. ఆ పరీక్షలో దాదాపు అన్ని రకాలూ గట్టెక్కుతాయి.

మూడో ఆకు దగ్గరే ఎందుకు?

మొలిచిన కొత్తలో మొక్క తన సొంత సంపాదన మీద బతకదు. గింజలో దాచి ఉన్న పిండే దాని తిండి. మూడు, నాలుగు ఆకులు వచ్చేసరికి ఆ నిల్వ అయిపోతుంది. సరిగ్గా అప్పుడే నేలలోంచి నీరూ పోషకాలూ తోడుకోవడం మొదలుపెట్టాలి. ఆ సమయంలో నేలనీటిలో ఉప్పుంటే రెండు దెబ్బలు పడతాయి.

మొదటిది దాహం. ఆవకాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు తెల్లారేసరికి నీరు ఊరడం అందరూ చూసిందే. ఉప్పు ఎక్కువున్న వైపుకే నీరు కదులుతుంది. వేరు బయట ఉప్పుంటే మడిలో నీళ్లు నిలిచి ఉన్నా వేరు పీల్చుకోలేదు. ఆకు చుట్టుకునేది అందుకే. ఈ దెబ్బ గంటల్లోనే తెలుస్తుంది.

రెండోది విషం. నీటితోపాటు సోడియం కూడా పైకి ఎక్కి ఆకుల్లో పేరుకుంటుంది. కణాలకు పొటాషియం కావాలి. సోడియం దాని చోటు ఆక్రమించి పనులన్నీ కుంటుపడేలా చేస్తుంది. ఇందుకు రోజులూ వారాలూ పడుతుంది. మామూలుగా వేరు కణాలు జల్లెడలా సోడియంను కొంతవరకు ఆపుతాయి. వరి వేరులో మాత్రం కణాల సందుల గుండా జారిపోయే అడ్డదారి పెద్దది. సోడియంలో చాలా వాటా ఆ దారినే ఎక్కుతుంది.

పెద్ద మొక్కకూ ఇదే తంటా కదా అనవచ్చు. దానికి పది పదిహేను ఆకులుంటాయి. వచ్చిన సోడియంను ముదురు ఆకుల్లోకి తోసి, వాటిని వదులుకుని, కొత్త ఆకులను కాపాడుకుంటుంది. మూడు ఆకుల మొక్కకు వదులుకోవడానికి ఏముంది? ఒక ఆకు పోతే మూడో వంతు ఒళ్లు పోయినట్టే.

శాస్త్రవేత్తలు దీన్ని ఎలా పట్టుకుంటారు?

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఇందుకోసం ఒక సులువైన పద్ధతి తయారు చేసింది. థర్మకోల్ పలకకు వరసగా రంధ్రాలు చేసి, అడుగున నైలాన్ వల కుట్టి, రంధ్రానికి రెండేసి మొలకలు పెడతారు. పలకను పోషకాలు కలిపిన నీటి తొట్టిలో తేలనిస్తారు. మొదట ఆ నీటిలో ఉప్పు కలిపి ఈసీ 6కు తెస్తారు. మూడు రోజులయ్యాక 12 చేస్తారు. ఈసీ 12 అంటే లీటరుకు 6 గ్రాముల ఉప్పు, నిండు చెంచా. (నేలలో ఉండేవి రకరకాల లవణాలు. వట్టి ఉప్పు వాడితే అదే ఈసీకి కాస్త తక్కువ సరిపోతుంది.)

పదో రోజున ఒకసారి, పదహారో రోజున ఒకసారి మార్కులు వేస్తారు. ఇక్కడ తక్కువ మార్కే మేలు. మొక్క మామూలుగా ఉంటే 1. ఆకు కొసలు తెల్లబడి కొద్దిగా చుట్టుకుంటే 3. ఎదుగుదల బాగా తగ్గి చాలా ఆకులు చుట్టుకుపోతే 5. ఎదుగుదల ఆగి ఆకులు ఎండిపోతుంటే 7. దాదాపు అన్నీ చస్తే 9. పక్కనే ఐఆర్ 29 అనే సున్నితమైన రకాన్ని పెడతారు. అది పడిపోతేనే పరీక్ష సరిగా జరిగినట్టు లెక్క. గట్టిరకానికి కొలబద్దగా కేరళ ‘పొక్కాలి’ని పెడతారు.

పొక్కాలి అంత గట్టిదైతే అందరూ అదే వేయవచ్చుగా?

పొక్కాలి ఎర్నాకుళం, అలప్పుళ, త్రిస్సూర్ తీరంలో, సముద్రపు పోటు వచ్చిపోయే నేలల్లో పండే వరి. ఉప్పును తట్టుకునే వరి అంటే ప్రపంచంలో ఎవరైనా ముందుగా చెప్పేది దాని పేరే. అది పొడవాటి మొక్క. పడిపోతుంది. దిగుబడి తక్కువ. అందుకే మన పొలాలకు నేరుగా కుదరదు.

అసలు గమనించాల్సింది దాన్ని పండించే తీరు. అక్కడి రైతులు వేసవిలోనే పొలంలో మట్టిని చిన్న చిన్న దిబ్బలుగా పోస్తారు. జూన్ వానలకు దిబ్బల్లోని ఉప్పు కడుక్కుపోయాకే వాటి మీద మొలకలు చల్లుతారు. నెల రోజులకు నారు మూరెడు ఎత్తు ఎదుగుతుంది. అప్పుడు దిబ్బను ముక్కలుగా నరికి, మట్టితో సహా నారును పొలమంతా సర్దుతారు. ఉప్పుకు అంతగా ఓర్చే వరినే మొదటి నెల ఉప్పుకు దూరంగా పెంచుతున్నారు. రకం గొప్పదైనా మొదటి నెల కాపలా తప్పదని అక్కడి రైతులు ఏనాడో తేల్చేశారు.

మరి కొత్త రకాలు?

పొక్కాలి ఓపికకు మూలం వెతుకుతూ, వరి ఒకటో క్రోమోజోములో ‘సాల్టాల్’ అనే భాగాన్ని గుర్తించారు. క్రోమోజోము అంటే కణంలో వంశలక్షణాలు రాసి ఉండే పోగు. బెంగాల్ ‘నోనా బొక్రా’ వరిలో ఇదే ప్రాంతం నుంచి 2005లో ఒక జన్యువును విడదీశారు. నీటితోపాటు పైకి పోతున్న సోడియంను వేరులోనే వెనక్కి లాగేయడం దాని పని. గోధుమలోనూ ఇదే దారి పనిచేసింది. పాతకాలపు గోధుమ జాతి నుంచి ఇలాంటి జన్యువును సంకరం ద్వారా తెచ్చిన గోధుమ, ఉప్పు పొలంలో అది లేని గోధుమ కన్నా 25 శాతం దాకా ఎక్కువ దిగుబడి ఇచ్చిందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించారు.

మన దేశంలో ఈ పనికి కేంద్రం 1969లో మొదలైన కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధనా సంస్థ. సీఎస్ఆర్ పేరుతో వచ్చే వరి రకాలు అక్కడివే. మన తీరానికి మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి ఎంసీఎం రకాలు వచ్చాయి. ఇవి చేతిలో ఉంటే సగం బలం. సగమే, ఎందుకంటే నారుదశలో ఉప్పును తట్టుకునే రకం పూతదశలోనూ తట్టుకోవాలన్న నియమం లేదు. ఆ రెండు గుణాలూ చాలావరకు వేర్వేరు జన్యువుల చేతిలో ఉన్నాయి. కొనేటప్పుడు ‘చౌడును తట్టుకుంటుందా’ అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఏ దశలో తట్టుకుంటుందో కూడా అడగండి.

అయిదు సెంట్ల లెక్క

ఎకరం నాటడానికి మన పాత పద్ధతిలో అయిదు సెంట్ల నారుమడి చాలు. అంటే మొదటి గండం గడిచేదాకా కాపాడాల్సింది ఎకరం కాదు, అందులో ఇరవయ్యో వంతు.

నేలలోని ఉప్పును కడగడానికి ఒక మోటు లెక్క ఉంది. ఎంత లోతు మట్టిని కడగాలో అంత లోతు నీరు దాని గుండా కిందికి దిగితే దాదాపు 80 శాతం ఉప్పు పోతుంది. నారు వేళ్లకు అరడుగు లోతు చాలు. అయిదు సెంట్లకు అరడుగు నీరంటే సుమారు 30 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. అదే ఎకరమంతా కడగాలంటే 120కి పైగా ట్యాంకర్లు కావాలి. తొలకరి వాన, కాలువ తొలినీరు దొరికితే ట్యాంకరు అక్కరే లేదు. గట్టు వేసి నిలబెడితే చాలు. అయితే దిగిన నీరు బయటికి పోయే మురుగు దారి ఉండాలి. లేకపోతే కిందికి దిగిన ఉప్పు ఎండకు మళ్లీ పైకే వస్తుంది.

పెట్టే నీటిని కూడా చూసుకోవాలి. ఎకరానికి రెండు అంగుళాల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. బోరు నీటి ఈసీ 2 అయితే ఆ ఒక్క తడితో పొలంలో పోసే ఉప్పు దాదాపు 260 కిలోలు. ఎరువు బస్తాలతో చెప్పాలంటే అయిదు బస్తాలకు పైమాటే. నీటి ఈసీ 0.5 అయితే 65 కిలోలు. మంచినీరు కొద్దిగానే ఉన్నప్పుడు దాన్ని నారుమడికి దాచి, కాస్త ఉప్పటి నీటిని పిలకల దశలో వాడుకోవడం తెలివైన పని.

వెద చల్లితే ఖర్చు తగ్గుతుంది కదా?

మంచి నేలలో నిజమే. చౌడులో వెద అంటే బలహీనమైన మూడు వారాలను ఎకరం మొత్తం మీద ఉప్పుకు అప్పగించడమే. నాట్లలో ఉన్న లాభమల్లా ఆ మూడు వారాలను వేరే చోట గడిపించడం. అయితే పీకేటప్పుడు తెగిన వేళ్ల గుండా సోడియం తేలిగ్గా ఎక్కుతుంది. అందుకే లేత నారు పనికిరాదు. చౌడు నేలకు 30 నుంచి 35 రోజుల ముదురు నారు, కుదురుకు మూడు నాలుగు మొక్కలు అని సిఫారసు చేస్తారు. దగ్గరగా నాటడం వెనకా లెక్కుంది. 20×15 సెంటీమీటర్లలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడతాయి. 15×15లో 44. నాలుగింట ఒక కుదురు చచ్చినా 33 మిగులుతాయి.

జిప్సం చల్లితే ఉప్పు పోదా?

చౌడులో రెండు రకాలున్నాయి. ఎండాకాలంలో తెల్లగా పొంగేది పాల చౌడు. అందులో కరిగే లవణాలు ఎక్కువ. దానికి మందు కడగడమే. జిప్సం కూడా ఒక లవణమే కనుక అక్కడ ఉపయోగం ఉండదు. కారు చౌడులో సోడియం మట్టి రేణువులకు అంటుకుని ఉంటుంది. ఉదజని సూచిక, అంటే పులుపు-క్షారాల కొలత, 8.5 దాటుతుంది. నీరు ఇంకదు. అక్కడ జిప్సంలోని కాల్షియం సోడియంను ఊడదీస్తుంది. ఆ తర్వాత కడగాలి. జీలుగ వేసి కలియదున్నడం రెండింటికీ మంచిదే. కర్నాల్ సంస్థ లెక్కల్లో దేశంలో రెండు రకాల చౌడూ కలిపి 67 లక్షల హెక్టార్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2.74 లక్షల హెక్టార్లు, అంటే 6.8 లక్షల ఎకరాలు. ఉమ్మడి రాష్ట్రంలో ఎక్కువ భాగం కారు చౌడే. మీది ఏదో తెలియకుండా జిప్సం కొనవద్దు.

చీటీలో ఈసీ 1 అని ఉంటే భయం లేనట్టేనా?

కాదు. పైన చెప్పిన హద్దులన్నీ మట్టిని ముద్దగా తడిపి, అందులోంచి పిండిన నీటికి. మన ప్రయోగశాలలు సాధారణంగా ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తాయి. నీళ్లు ఎక్కువైతే ఉప్పు పలచబడుతుంది. బంకమట్టి ముద్ద కావడానికి దాని బరువులో దాదాపు 60 శాతం నీరు చాలు. అక్కడ 200 శాతం పోశారు. అంటే మూడు రెట్లకు పైగా పలచన. బంకనేలలో చీటీ మీది 1, అసలు లెక్కలో 3 దగ్గర ఉండవచ్చు. వరి హద్దు అదే. ఇసుక నేలలో ఈ తేడా ఇంకా ఎక్కువ.

మట్టి ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. ఎండకు నీరు ఆవిరవుతూ ఉప్పును పైకి లాగుతుంది. అరడుగు లోతు మట్టి కలిపి తీస్తే సగటు బాగానే కనిపిస్తుంది. మొలక వేరు ఉండేది మాత్రం ఉప్పు పేరుకున్న పై అంగుళంలో.

జేబు మీటరు కొంటే మైక్రోసీమెన్స్ చూపించేది చూసుకోండి. అందులో వచ్చిన అంకెను 1000తో భాగిస్తే ఈసీ. టీడీఎస్ మాత్రమే చూపించేవాటిలో ఒక్కో కంపెనీ ఒక్కో గుణకం వాడుతుంది. మడిలో నిలిచిన నీటిని నారు పోసే ముందు, నాట్లకు ముందు, చిరుపొట్ట దశలో ఒక్కోసారి కొలిస్తే ఏడాదికి సరిపోతుంది. ఒక్కసారికే తీరిక ఉంటే మొదటిదాన్ని వదలొద్దు. అప్పుడు ఈసీ 3 దాటితే విత్తనం తడపడం ఆపి, మడిని ఇంకోసారి కడగండి. వారం ఆలస్యమైన నారుతో పంట తీయవచ్చు. మూడో ఆకు దగ్గర చచ్చిన నారుకు మళ్లీ విత్తనం, మళ్లీ నెల కావాలి.